కొత్త ఊరిలో మన సంఘమేది?

సమస్య

అయ్యా,

మాది బందరు. నా భర్తకు విరుదునగరపు బ్యాంకు శాఖకు బదిలీ కాగా, పిల్లల చదువు నిమిత్తము మేము కోవిల్‌పట్టిలో కాపురము పెట్టితిమి. వారు రైలులో పోయి వచ్చుచున్నారు. మా వీధిలో తెలుగు మాటలాడు నాయుళ్లును రెడ్డియార్లును కలరు. వారి తెలుగు మన తెలుగువలె లేకున్నను, కుళాయి దగ్గర అది వినబడినప్పుడు ప్రాణము లేచివచ్చును. అయితే వారందరును హిందువులు. ఆదివారము వచ్చెనా, మేము ఏకాకుల మగుచున్నాము.

ఇచ్చటి సి.ఎస్.ఐ. దేవాలయమునకు గత వేసవినుండి పోవుచున్నాము. ఆరాధన యంతయు తమిళము. పాటల పుస్తకము చేత నున్నను అక్షరములు రావు. ఆరాధన ముగిసిన పిమ్మట అందరును గుంపులుగా నిలిచి తమ చుట్టరికములు ముచ్చటించుకొందురు. మమ్ము చూచి చిరునవ్వు నవ్వి తొలగిపోవుదురు. ఒక యిల్లాలు మాత్రము “మీది ఏ ఊరు, మీ రెవరివారు?” అని యడిగి, నేను తడబడుచుండగనే ఎవరో పిలువగా వెడలిపోయినది. ఆ ప్రశ్న నన్ను నేటికిని కలచుచున్నది. మా అత్తగారు గుడికి రానని యింటనే ఫోనులో తెలుగు ప్రసంగములు వినుచున్నారు. విరుదునగరములో కొన్ని తెలుగు కుటుంబములు శనివారము సాయంకాలము ఒక యింట కూడి ప్రార్థించుకొనుచున్నవి. అది చాలునని నా భర్త యభిప్రాయము. దానితో తృప్తి పడవలెనా, వేరొక సంఘమును వెదకవలెనా, ఇక్కడనే ఓపిక పట్టవలెనా?

– ఒక సోదరి, కోవిల్‌పట్టి

సలహా

అమ్మా,

మీ లేఖలో రెండు దుఃఖములు పెనవేసికొని యున్నవి: భాష తెలియకపోవుట యొకటి, ఆదరణ లభింపకపోవుట రెండవది. మొదటిదానికి మందు మీ వీధిలోనే యున్నది. రెండవది నిజముగా నున్నదో లేదో మీరింకను పరీక్షింపలేదు.

భాష సంగతి ముందు చెప్పెదను. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసెవల్ గ్రామమున తెలుగింట బుట్టిన కి. రాజనారాయణన్, దక్షిణమునకు తరలివచ్చిన తెలుగు కుటుంబముల కథను ‘గోపల్ల గ్రామమ్’ అను తమిళ నవలగా వ్రాసి, దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము నందెను. ఇంటి తెలుగును విడువకయే ఊరి తమిళమును తమదిగా చేసికొన్నవారి నడుమనే మీరు కాపురమున్నారు. రెండు భాషలును నెరిగిన మీ పొరుగింటావిడను అడిగినచో తమిళాక్షరములు నేర్పకపోదు. ఆరాధన మీకు సర్వథా అపరిచితము కాదనియు గుర్తింపుడు: 1841లో బందరున తెలుగు మిషనును ఆరంభించిన చర్చి మిషనరీ సొసైటీయే 1854లో రాగ్లండు దొరను తిరునెల్వేలి ఉత్తర భాగమునకు సంచార సువార్తకై పంపెను, ఆయన 1858లో శివకాశిలోనే మరణించెను. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము (సి.ఎస్.ఐ.) 1950లో సిద్ధపరచిన ప్రభు సంస్కార క్రమము తెలుగునందును తమిళమునందును ఒక్కటే. తెలుగు క్రమమును ఒడిలో నుంచుకొని వరుస ననుసరించినచో ఏ ప్రార్థన యెప్పుడు వచ్చునో మీకే తెలియును. విరుదునగరము వైపు సంఘములు 1834లో ఆరంభమైన మధుర అమెరికను మిషను సంప్రదాయమున పెరిగినవి గనుక, బందరు ఆంగ్లికను పద్ధతికి అలవాటుపడిన మీకు కోవిల్‌పట్టి చేరిన తిరునెల్వేలి వైపు ఆరాధనయే దగ్గరగా తోచును.

ఇక ఆదరణ సంగతి. ఆ ప్రాంతపు సంఘములలో తరతరములుగా ఒకరి కొకరు వియ్యములందిన కుటుంబములే హెచ్చు. గుడి మెట్లమీద వారు మాటలాడుకొనునది చుట్టములు చుట్టములతో మాటలాడుకొనుటయే గాని, మిమ్ము వెలివేయుట కాదు. “ఎవరివారు” అను ప్రశ్న పరిచయమునకై పుట్టినదో, కులమునకై పుట్టినదో ఒక్కమారు విన్నంతనే తేలదు. మీ జవాబు విన్న పిమ్మట కూర్చుండు చోటు మారినను, సంస్కారమునకు వచ్చు వరుస మారినను, ఇంటికి పిలుచు పిలుపు ఆగిపోయినను అది కులప్రశ్నయే. అట్టిచో ఇంకొక ఆదివారము కూడ వ్యర్థపరుపక వేరొక సంఘమును వెదకికొనుడు.

పరాయివాని బాధ ఎరిగిన మహనీయు డొకడు నాటి తిరునెల్వేలి జిల్లానుండియే మన తెలుగువారి యొద్దకు వచ్చెను. 1874లో వెళ్లాలన్‌విళై గ్రామమున జన్మించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీకి ఆద్యులలో నొకడై, 1909లో తానే నిజాము రాజ్యములోని దోర్నకల్లు చేరి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పై, 1945లో అక్కడనే కన్నుమూసెను. మిషనరీల త్యాగము గొప్పదే గాని మాకు కావలసినది స్నేహమని 1910లో ఎడింబరో మహాసభయందు నిర్భయముగా పలికినవా డాయనయే. స్నేహము నడుగుట సిగ్గుపడవలసిన పని కాదు, మీరును అడుగుడు.

అడుగు విధము చెప్పెదను. బందరు సంఘమునుండి సభ్యత్వ పత్రికను తెప్పించుకొని, ఆదివారపు సందడిలో గాక వారము మధ్య ఒక సాయంకాలము మీ దంపతులు గురువుగారి యింటికి పోయి కలసికొనుడు. అత్తగారి వయస్సును, ఒంటరితనమును చెప్పి ఆమెను చూడ రమ్మని కోరుడు. ఆదివారపు ఆరాధనలో మాటలాడని స్త్రీలు స్త్రీల మైత్రి కూటములో తప్పక మాటలాడుదురు. సంఘమంతయు కలసి భుజించు ‘అసన’ పండుగ వచ్చినప్పుడు కూరగాయలు తరుగు పనికి ముందుగా పోయి కూర్చుండుడు. కలసి పని చేసిన చేతులకు వ్యాకరణము అక్కరలేదు. విరుదునగరపు కూటమును మానవలదు. అత్తగారిని నెల కొకమారైనను అచటికి తోడ్కొని పొండు. కాని, మన భాషవారితోడనే కూడుట సంఘమని పిల్లలకు నేర్పవలదు. వారు పెరుగునది కోవిల్‌పట్టిలో గనుక వారికి కోవిల్‌పట్టి సంఘమే కావలెను.

క్రిస్మసువరకు అక్కడనే నిలిచి ఇవన్నియు చేయుడు. అప్పటికిని ఒక్క గడపయైనను మీకు తెరువకున్నచో, నిస్సంకోచముగా మరియొక దేవాలయమునకు పొండు. దోషము మీది కాదు.

ఇది చదువు సంఘపెద్దలకును ఒక్క మనవి: వచ్చు ఆదివారము వెనుక బల్లపై కూర్చున్న క్రొత్తవారిని, వా రెవరివారో అడుగుటకు ముందు, మీ యింటికి భోజనమునకు పిలువుడు.