మందు పడలేదంటే ఆపేయాలా?

మనవైపు "ఆ మందు నాకు పడదండి" అంటే ఒకటే అర్థం. ఇక జన్మలో దాని జోలికి వెళ్లకూడదు. పెన్సిలిన్ పడదు, సల్ఫా పడదు అని చీటీ రాయించుకుని జేబులో పెట్టుకు తిరిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అది మంచి అలవాటే. కానీ పాముకాటు మందు దగ్గర ఈ లెక్క కుదరదని పోయిన ఆగస్టులో తెలుసుకున్నాను. నేను చదివేది కంప్యూటర్ సైన్స్, స్కూలంతా ఇంగ్లీష్ మీడియం. భాషలో తప్పులుంటే క్షమించండి. విషయంలో తప్పు రాకూడదని మాత్రం తెలిసిన డాక్టరు గారిని అడిగి, చదివి రాస్తున్నాను.

మా మావయ్య వాళ్లది దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లె. దివిసీమకి పాములు కొత్త కాదు. 2018 ఆగస్టులో కాట్లు ఎక్కువైపోయి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం కూడా చేయించారు. అప్పుడు నేను చిన్నవాణ్ణి, అదంతా పేపర్లో బొమ్మలు చూసినట్టు చూశాను. ఈసారి ఫోన్ నాకే వచ్చింది. మావయ్య చీకటి పడ్డాక చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద వస్తుంటే మడమ పైన కరిచింది. గుడివాడ హాస్టల్ నుంచి బస్సెక్కి బందరు చేరేసరికి ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు. కాలు మోకాలి దాకా వాచింది. చిగుళ్ల నుంచి రక్తం.

అయినా వెంటనే మందు ఎక్కించలేదు. ముందు కొంచెం రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచారు. "మనిషి పోతుంటే గడియారం చూస్తారేంటి?" అని అత్తయ్య ఏడుపు. ఆ 20 నిమిషాలు వృథా కాదని నాకు తర్వాత అర్థమైంది. గొట్టాన్ని వంచితే రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారితే, రక్తపింజరి లాంటి పాము విషం ఒంట్లోకి దిగిందని లెక్క. కరిచిన ప్రతి పాములోనూ విషం ఉండదు. మన కాలవల్లో నీరుకట్టెలే ఎక్కువ. విషప్పాము కూడా ఒక్కోసారి ఉత్తినే కరిచి వదిలేస్తుంది. విషం లక్షణాలు లేని మనిషికి ఈ మందు ఎక్కిస్తే లాభం సున్నా, ప్రమాదం మాత్రం పూర్తిగా ఉంటుంది. అందుకే అలాంటివాళ్లని 24 గంటలు దగ్గర పెట్టుకుని చూస్తారు. "సూది కూడా వెయ్యలేదు" అని గొడవపడేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

ప్రమాదం ఎందుకంటే, ఆ మందు గుర్రం రక్తం నుంచి వస్తుంది. గుర్రానికి విషాన్ని కొంచెం కొంచెంగా ఎక్కించి, దాని ఒంట్లో తయారైన యాంటీబాడీలను వేరుచేసి పొడి చేస్తారు. మన దేశంలో దొరికేది తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి చేసిన మందు. విషం చాలావరకు తమిళనాడు ఇరుళ తెగవారి సహకార సంఘం నుంచి వస్తుంది. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషాన్ని విరుస్తుంది. ఆ పాము ఒక కాటుకి సగటున వదిలేది 63 మిల్లీగ్రాములు అంటారు. 10 వయల్స్, అంటే 100 మిల్లీలీటర్లు, ఎందుకో లెక్క వేసుకోండి. పిల్లలకైనా డోసు అంతే. పాము మనిషి బరువు చూసి విషం వదలదు కదా!

మన శరీరం మాత్రం ఆ గుర్రం ప్రోటీన్‌ని చూసి శత్రువు అనుకుంటుంది. డ్రిప్ మొదలై పావుగంట కాలేదు, మావయ్యకి ఒళ్లంతా దద్దుర్లు, దురద, వణుకు, వాంతి. ఊపిరి అందట్లేదన్నాడు. అత్తయ్య ఆ గొట్టం పట్టుకుని "సిస్టరమ్మా, ఈ మందు ఆయనకి పడట్లేదు, తీసెయ్యండి" అని కేకలు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనబోయాను.

సిస్టర్ గారు డ్రిప్ ఆపారు. తొడ కండలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆక్సిజన్ పెట్టి, బీపీ చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఊపిరి కుదుటపడింది, దద్దుర్లు తగ్గాయి. అప్పుడు అదే సీసా, అదే మందు, చుక్క చుక్కగా మళ్లీ మొదలుపెట్టారు! అత్తయ్య నమ్మలేకపోయింది. డాక్టరు గారు ఒక్కటే చెప్పారు: "అమ్మా, రియాక్షన్‌కి నా దగ్గర మందుంది. విషానికి ఇది తప్ప ఇంకోటి లేదు." మా భాషలో చెప్పాలంటే ఎర్రర్ వచ్చిందని ప్రోగ్రామ్‌ని చంపేయలేదు, పాజ్ చేసి, ఎర్రర్‌ని సరిచేసి, ఆగిన చోటి నుంచి నడిపారు.

ముందే టెస్ట్ డోసు వేసి చూడొచ్చు కదా అని నేనూ అడిగాను. ఎవరికి రియాక్షన్ వస్తుందో ఆ టెస్టు సరిగ్గా చెప్పలేదట, పైగా దానివల్లే రియాక్షన్ రావచ్చట. అందుకే ఇప్పుడు వద్దంటారు. శ్రీలంకలో 1007 మంది మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో నూటికి 75 మందికి ఏదో ఒక రియాక్షన్ వచ్చింది. అంటే ఇది అరుదైన దురదృష్టం కాదు, రావచ్చని ముందే సిద్ధంగా ఉండాల్సిన విషయం. అడ్రినలిన్ పక్కన లేకుండా ఈ మందు మొదలుపెట్టకూడదు.

ఆరు గంటల తర్వాత మళ్లీ గాజు గొట్టం పరీక్ష చేశారు. ఇంకా గడ్డకట్టలేదు, ఇంకో విడత ఎక్కించారు. తర్వాతి పరీక్షకి గడ్డకట్టింది. నాలుగో రోజు ఇంటికి పంపారు.

ఇక నా తప్పు. డిశ్చార్జ్ కాగితం ఇంగ్లీషులో ఉంది. అత్తయ్య దాన్ని ఫొటో తీసి నాకు వాట్సాప్ చేసింది, "ఏమైనా ఉంటే చెప్పు నాన్నా" అని. నేను ల్యాబ్‌లో ఉన్నా. చదవకుండా బొటనవేలు బొమ్మ పెట్టేశా. తొమ్మిదో రోజు మావయ్యకి జ్వరం, కీళ్ల నొప్పులు, మళ్లీ దద్దుర్లు. "విషం తిరగబెట్టింది" అన్నారు ఊళ్లో. రెండు రోజులు ఆకు పసరు, పత్యం, మంత్రం అన్నీ అయ్యాయి. మూడో రోజు అమ్మ ఫోన్ చేస్తే అప్పుడు ఫొటో తెరిచాను. చివరి లైన్లో స్పష్టంగా రాసుంది: జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు వస్తే వెంటనే రండి అని.

అది విషం కాదు. మందు ఎక్కిన ఒకటి రెండు వారాలకి వచ్చే సీరమ్ సిక్‌నెస్. గుర్రం ప్రోటీన్ మీద మన యాంటీబాడీలు ఆలస్యంగా చేసే యుద్ధం. కొద్దిరోజుల స్టెరాయిడ్ మాత్రలు, దురద మాత్రలతో తగ్గిపోయింది. పసరు వల్ల మావయ్యకి ఏమీ కాలేదు, అది అదృష్టం. కానీ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కణ్ణే.

దసరా సెలవులకి వెళ్లినప్పుడు ఆ కాగితం మొత్తం తెలుగులో రాసిచ్చాను. కాటు తేదీ, ఎన్ని వయల్స్, ఎన్నో నిమిషంలో రియాక్షన్, ఏమిచ్చారు, తొమ్మిదో రోజు ఏమైంది, అన్నీ. మావయ్య మడతపెట్టి ఫోన్ కవర్లో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి చదివి, "ఒరేయ్, ఇది చూసి పడదనుకుని మందే మానేస్తారేమో. నెమ్మదిగా ఎక్కించమన్నారని కింద పెద్దక్షరాలతో రాయి" అన్నాడు. రాశాను.