సీడీ తిరుగుతుంది, విమానం లేవదు

ప్రశ్న: ‘ఫ్లైట్ సిమ్యులేటర్ 2004’ సీడీలు జాగ్రత్తగా దాచుకున్నాను. విండోస్ 10లో ఇన్‌స్టాల్ అయింది కానీ ఆట తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: లోపం మీ సీడీలది కాదు. ఎవరూ నకళ్లు తీయకుండా వాటికి సేఫ్‌డిస్క్ అనే తాళం వేశారు. అది తెరుచుకోవాలంటే విండోస్‌లో ఒక డ్రైవర్ ఉండాలి. భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో దాన్ని తీసేసింది. అందుకే కంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. నెట్‌లో దొరికే క్రాక్ ఫైళ్ల జోలికి మాత్రం పోకండి, ఏ వైరస్ ఎక్కుతుందో చెప్పలేం.

విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్ ఇంట్లో మూలన పడి ఉంటే దుమ్ము దులపండి. నెట్ కలపకుండా అందులోనే ఆడుకోండి. నన్నడిగితే ఇదే హాయి. అది లేకపోతే 2014లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో వచ్చిన ‘ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్’ చూడండి, దానికి డిస్క్ గొడవ లేదు. దాన్ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా డి డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌లో పెట్టండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫైళ్లను మార్చబోతే విండోస్ అడ్డుపడుతుంది, తర్వాత కొత్త విమానాలు, దృశ్యాలు చేర్చేటప్పుడు చికాకు.

ఒకటి గుర్తుంచుకోండి. మీ 2004 ఆటలో శంషాబాద్ విమానాశ్రయం కోసం వెతక్కండి, అది 2008లో మొదలైంది. బేగంపేట నుంచే లేవాలి. లేచాక ఈశాన్యానికి తిరిగితే మీ వైపున్న రామగుండం దారి.