కూలి చీటీలు

అంబాజీపేట కొబ్బరికి పేరు. అక్కడ ఒక అత్తా కోడలూ పీచు పనికి వెళ్ళేవారు. కూలి లెక్క అంతా నోటితోనే. ఒకసారి రెండు రోజుల కూలి తేడా వచ్చింది. చూపడానికి కాగితం లేదు.

"ఇక మనమే రాసుకుందాం అత్తయ్యా!" అంది కోడలు.

పాత శుభలేఖలు తీశారు. రాత లేని వైపు చీటీలుగా కత్తిరించారు. గుడ్డతో టీ డికాషన్ అద్ది, నీడన ఆరబెట్టారు. పాత తాటాకు రంగు వచ్చింది.

తెల్ల కాగితాలు మడిచారు. మడత మీద మూడు చిల్లులు పొడిచి, దారంతో కుట్టారు. అట్టకు చీర అంచు అంటించారు. నాలుగు మూలలా పసుపు రాశారు. చీటీలు పెట్టడానికి లోపల జేబు అతికించారు.

రోజూ చీటీ మీద తేదీ, పని, వచ్చిన కూలి, రావలసిన కూలి రాశారు.

వారం తిరిగింది. మళ్ళీ ఒక రోజు కూలి తగ్గింది. కోడలు చీటీ తీసి చదివింది. యజమాని సరిచూసి, అక్కడే డబ్బు ఇచ్చాడు.

మీరూ ఒక చీటీ చేయండి. ఈ రోజు తేదీ వేయండి. మీ కూలి రాయండి.