టర్బో గాలి ఎక్కడ పోతోంది?

ప్రశ్న: డీజిల్ కారుకు రీమ్యాప్ చేయించి, పెద్ద ఇంటర్‌కూలర్ వేయించాను. ఎమ్మిగనూరు రోడ్డులో లారీని దాటబోతే బండి లాగడం లేదు. బుస్సుమని శబ్దం, వెనక నల్లపొగ. టర్బో పోయిందా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: అప్పుడే టర్బో మార్చకండి. అది నెట్టిన గాలి ఇంజిన్‌కు చేరేలోపే ఎక్కడో లీకవుతున్నట్టుంది. గాలి చాలక డీజిల్ పూర్తిగా మండదు, అదే నల్లపొగ.

ఇంజిన్ చల్లారాక ఇంటర్‌కూలర్ పైపులు, క్లిప్పులు చూడండి. రబ్బరు పైపుల అడుగువైపూ తడమండి. ఒకేచోట ఆయిల్ జిడ్డుకు దుమ్ము అంటుకుని ఉంటే అనుమానం అక్కడే. దొరక్కపోతే, ఇంజిన్ ఆపి టర్బోకు గాలి వెళ్లే మూతి మూసి, 1 బార్‌కు మించకుండా గాలి పట్టించమని మెకానిక్‌కు చెప్పండి. అతుకుల మీద సబ్బునీళ్లు పోస్తే, ట్యూబు పంక్చరులాగే, లీకున్నచోట బుడగలొస్తాయి.

నీలిపొగ వచ్చినా, ఇంజిన్ ఆయిల్ తగ్గుతున్నా బండి నడపకండి. వెంటనే టర్బో మెకానిక్‌కు చూపించండి.