యాక్రిలిక్ షీటు అతికించే జిగురు – చేతులు జాగ్రత్త

మీ ఇంట్లో ఎవరైనా నేమ్ బోర్డుల అంగట్లో పని చేస్తున్నారా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం బజార్లలో అంగళ్ళ ముందు రాత్రిపూట వెలిగే బోర్డులు, గుమ్మం పక్కన పేరు పలకలు చాలావరకు యాక్రిలిక్ షీటుతో చేసినవే. షీటు ముక్కలను అతికించడానికి తరచుగా రెండు భాగాల జిగురు వాడతారు. ఆ పని చేసేవారి వేళ్ళకు వచ్చే దురదను ఇంట్లోవాళ్ళు తామర అనుకుంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

జిగురు ఒక ట్యూబులో, దాన్ని గట్టిపరచే మందు మరో ట్యూబులో ఉంటాయి. రెండూ కలిస్తేనే గట్టిపడుతుంది. అరాల్డైట్ లాంటి ఎపాక్సీ రకం మామూలుగా కొన్ని గంటలు తీసుకుంటుంది. మిథైల్ మెథాక్రిలేట్ ఉన్న రకం ఘాటైన వాసన కొడుతుంది, నిమిషాల్లోనే బిగుస్తుంది. యాక్రిలిక్ షీటు కూడా ఆ పదార్థంతో తయారైనదే కాబట్టి అతుకు గట్టిగా వస్తుంది.

పాళ్ళు అన్నిటికీ ఒకటి కాదు. కొన్నిటికి సమపాళ్ళు, కొన్నిటికి పదికి ఒకటి. డబ్బా మీద ఉన్నట్టే కలపాలి. గట్టిపరచే మందు కాస్త ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పాళ్ళు తప్పితే అతుకు బలహీనమవుతుంది, కొంత జిగురు పచ్చిగానే మిగిలిపోతుంది. చర్మానికి హాని చేసేది ముఖ్యంగా ఈ పచ్చి జిగురే. పూర్తిగా గట్టిపడిన యాక్రిలిక్ వల్ల మామూలుగా భయం లేదు. 1949లో లండన్‌లో డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ శుక్లం తీసిన కంటిలో మొదటిసారి అమర్చిన లెన్స్ కూడా యాక్రిలిక్‌దే!

కొద్దికొద్దిగానే కలపండి. ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నె చేయి కాలేంత వేడెక్కుతుంది. వంటింటి గిన్నె, చెంచా వాడవద్దు. థర్మాకోల్ కప్పు కూడా పనికిరాదు, కరిగిపోతుంది. కిటికీలు, తలుపులు తెరిచి ఉంచండి. ఘాటు రకానికి నిప్పు తొందరగా అంటుకుంటుంది, కాబట్టి దగ్గరలో బీడీ, స్టవ్వు ఉండకూడదు.

చేతి తొడుగుల విషయంలో ఒక మాట. ఆసుపత్రిలో వాడే పలుచని రబ్బరు తొడుగులు చాలుననుకోవద్దు. మిథైల్ మెథాక్రిలేట్ వాటిగుండా కొద్దిసేపట్లోనే లోపలికి దిగుతుంది. నైట్రైల్ తొడుగులు కొంత మేలు, కానీ జిగురు అంటిన వెంటనే అవీ మార్చాలి. చేతికి అంటితే సబ్బు నీళ్ళతో కడగండి. థిన్నర్‌తో తుడిస్తే జిగురు మరింత లోపలికి పోతుంది.

కంట్లో పడితే వెంటనే ధారగా మంచినీళ్ళతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకురండి. చనుబాలు, ఆముదం లాంటివి వేయవద్దు. చిన్నపిల్లలు మింగితే వాంతి చేయించకండి, ఆ ట్యూబు పట్టుకుని వెంటనే రండి.

ఈ జిగురు వల్ల వచ్చే ఎలర్జీ మొదటి రోజే రాదు. నెలల తరబడి ఏమీ ఉండదు. ఒకనాడు వేలి కొసలు దురద పెడతాయి, ఎర్రబడతాయి, పగుళ్ళు వస్తాయి. ఒక్కోసారి కనురెప్పలు వాస్తాయి, కొందరికి ఆయాసం వస్తుంది. అప్పుడు మందుల షాపులో అడిగి ఏదో తామర ఆయింటుమెంటు రాయడం మామూలైపోయింది. వాటిలో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు తగ్గినట్టు కనిపించి మళ్ళీ తిరగబెడుతుంది. ఒకసారి ఎలర్జీ పట్టుకున్నదంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, చుక్క తగిలినా మళ్ళీ వస్తుంది. అందుకే మొదటి దురదలోనే పని ఆపి చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలి.

మరొకటి చాలామందికి తెలియదు. కట్టుడు పళ్ళు తయారుచేసే పదార్థంలోను, తుంటి కీలు మార్చేటప్పుడు వాడే ఎముక సిమెంటులోను ఇదే మిథైల్ మెథాక్రిలేట్ ఉంటుంది. మీ రోగికి అలాంటి చికిత్స చేయవలసి వస్తే, ఎప్పుడో బోర్డుల పనిలో చేతులు పగిలిన సంగతి డాక్టరుగారితో ముందుగానే చెప్పండి. వీలైతే వాడిన జిగురు ఖాళీ ట్యూబును ఒక కవరులో చుట్టి ఓ.పి.కి తెండి.