కొత్త పిస్టల్‌కు నూనె ఎంత?

ప్రశ్న: లైసెన్సు మీద .32 పిస్టల్ కొన్నాను. స్లైడ్ బిగుతుగా ఉంది. నూనె బాగా పోయమంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, కుప్పం

జవాబు: పోయకండి. ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి మరీ నిర్ధారించుకోండి. తూటాలు వేరే గదిలో ఉండాలి.

కొత్త ఆయుధానికి ఫ్యాక్టరీలో పూసే చిక్కటి నూనె తుప్పు పట్టకుండా కాపాడేది. దాన్ని పొడి నూలుగుడ్డతో పూర్తిగా తుడిచెయ్యండి. తర్వాత స్లైడ్ జారే గాడుల్లో ఒక్కో చుక్క గన్ ఆయిల్ చాలు. చేత్తో ముట్టుకుంటే జిడ్డు తగలాలి, కారకూడదు. ఫైరింగ్ పిన్ రంధ్రంలో, మ్యాగజైన్‌లో, తూటాల మీద నూనె వద్దే వద్దు. కొబ్బరినూనె అసలు వాడకండి; మదనపల్లె చలికి అది గడ్డకడుతుంది.

ఖాళీ పిస్టల్ స్లైడ్‌ను చేత్తో కొన్నిసార్లు లాగి వదిలితే బిగువు కొంత సడలుతుంది. మిగతాది కాల్పులతోనే. వందల తూటాలు కాల్చమనే విదేశీ సలహా మనకు కుదరదు, లైసెన్సులో తూటాలకు పరిమితి ఉంటుంది. ఉన్నవాటినే అనుమతి ఉన్న రేంజిలో కాల్చండి. పుంగనూరు తోటలో నిర్లక్ష్యంగానో, పెళ్లి ఊరేగింపులో సంబరంగానో ఇతరులకు ప్రమాదం కలిగేలా కాల్చారంటే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఎన్నికలప్పుడు పిస్టల్‌ను పోలీస్ స్టేషన్‌లో జమచేసే ముందు బ్యారెల్ లోపలా బయటా పలుచగా నూనె పూయండి. తోలు ఒరలో మాత్రం పెట్టి ఇవ్వకండి, అది చెమ్మ పీల్చి తుప్పు పట్టిస్తుంది.