చలి ఎవరిదో ముందు చూడు

ఉట్నూరు,
మార్గశిర మాసం.

చిరంజీవి మనవరాలికి,


నిన్ను పసిపిల్లల వార్డులో డ్యూటీకి వేశారని, బాలింతల వెంట వచ్చే ముసలమ్మలతో నీకు రోజూ గొడవేనని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తలకు గుడ్డ కట్టమని, చెవుల్లో దూది పెట్టమని, ఫ్యాన్ ఆపమని వాళ్లు ప్రాణం తీస్తున్నారట. "వాళ్లకేం తెలుసు?" అన్నావట. ఏఎన్‌ఎంగా ఈ ఏజెన్సీ ఊళ్లలోనే తిరిగి రిటైరైనదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా. వాళ్లకు తెలిసింది కొంత ఉంది బిడ్డా. అందులో తాలు ఎంతో, గింజ ఎంతో చెరిగి చూసుకోవడమే నీ చదువు.

మన ఆదిలాబాద్ చలి నీకు కొత్త కాదు. ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తుంది, ఆకాశంలో మబ్బు తునక ఉండదు. పగలు కాగిన నేల రాత్రికి వేడినంతా పైకి వదిలేస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారేసరికి పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. ఇక్కడిదాకా ఎందుకు, హైదరాబాదే 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకు దిగింది. చలి ఎప్పుడూ ఉన్నదే. దాన్ని మనుషులు చూసే తీరే తరానికో రకంగా మారింది.

మా అమ్మ తరం చలికి భయపడేది. సంక్రాంతికి చంకలెత్తనివ్వదని, శివరాత్రికి శివశివా అంటూ పోతుందని పండుగలతో లెక్క పెట్టుకునేది. ఆ లెక్క ప్రకారమే రోజును సర్దుకునేది. ఎండ ఎక్కాక స్నానాలు, పొద్దు గుంకక ముందే తిండి, నువ్వులద్దిన సజ్జరొట్టె, బెల్లం. పాత చీరలను పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టేవాళ్లు. పొరల నడుమ నిలిచే గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఒక్క మందపాటి దుప్పటి కంటే రెండు పల్చటివి మేలని ఇవాళ నీకు పాఠంలో చెప్పేదీ ఇదే. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి కాస్త తడిసినా వెచ్చదనం వదలదు.

అయితే ఈ వైభవం చెప్పేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. నాలుగింటికే లేచి, మంచులో పొయ్యి రాజేసి నీళ్లు కాచింది ఇంటి కోడలు. జొన్నచేనుకు కావలిగా మంచె మీద పండుకున్నది పాలేరు. వాళ్ల ఓర్పుకే "అలవాటు" అని పేరు పెట్టారు. "మా కాలంలో చలిని లెక్కచేసేవాళ్లమా?" అని ఎవరైనా పెద్దమనిషి అంటే, ఆయన స్నానానికి నీళ్లు ఎవరు కాచేవారో అడిగి చూడు.

బాలింత గదికి వద్దాం. బిడ్డను తల్లి పక్కనే పడుకోబెట్టడం, తలకు గుడ్డ చుట్టడం మంచి పద్ధతులు. పసిబిడ్డ ఒంటికి తల పెద్దది, వేడి అక్కడినుంచే బాగా పోతుంది. పైగా పుట్టిన బిడ్డకు మనలా వణికి వేడి పుట్టించుకోవడం చేతకాదు. మెడ దగ్గర, రెక్కల నడుమ ఉండే ప్రత్యేకమైన కొవ్వును కరిగించుకోవాల్సిందే. ఆ కొవ్వు కొంచెమే. ఇక చెడ్డవి: పుట్టీపుట్టగానే నీళ్లు పోయడం, బాలింతకు మంచినీళ్లు తగ్గించడం, తలుపులు బిగించి మంచం కింద కుంపటి పెట్టడం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసనుండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మా తరం ఏఎన్‌ఎంలం ఊళ్లలోకి వెళ్లి నేర్పింది ముఖ్యంగా మూడు మాటలు. పుట్టగానే పొడిగుడ్డతో తుడవాలి, ఎందుకంటే తడి ఆరుతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. మొదటి స్నానం కనీసం ఒక రోజు ఆగాలి. బరువు తక్కువ బిడ్డను తల్లి రొమ్ముల నడుమ, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోవాలి. ఈ మూడోది 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో మొదలైంది. పేదరికంలో పుట్టిన ఆ ఉపాయాన్ని ఇవాళ పెద్ద ఆసుపత్రులూ పాటిస్తున్నాయి.

మీ అమ్మ తరానికి చలి అంటే బజారు పని. రోడ్డు పక్కన స్వెట్టర్ల దుకాణాలు వెలిశాయంటే చలికాలం వచ్చినట్టే. ఇంటికి గీజరు వచ్చింది, కోడలికి నాలుగింటి నిద్ర దక్కింది. అంతకంటే మంచి మార్పు నేను చూడలేదు. కానీ కిటికీ లేని స్నానాలగదిలో గ్యాస్ గీజరు పెట్టుకుంటే ఆ పాత కుంపటిని మళ్లీ ఇంట్లోకి తెచ్చుకున్నట్టే. అదే వాయువు, అదే చావు.

మీ తరానికి చలి ఒక సరదా. ఫోన్లో సింగిల్ డిజిట్ కనబడితే సంబరం. మంచు చూడటానికి రాత్రికి రాత్రి బయల్దేరి చింతపల్లి దగ్గరి లంబసింగికి పోతున్నారు. పోండి, తప్పులేదు. జాకెట్టు వేసుకున్నవాడికి చలి అందంగానే ఉంటుంది. అయితే నీ చేతికి వచ్చే మనుషులు వేరు. నెలలు నిండని పసికందు, ఉబ్బసం ఉన్న తాత, రాత్రి తాగి బయట పడిపోయిన కూలీ. తాగితే వెచ్చగా ఉంటుందని నెగడు దగ్గర కూర్చునేవాళ్లు అంటారు. నిజానికి చర్మం కింది రక్తనాళాలు విచ్చుకొని లోపలి వేడి బయటికి పోతుంది. వెచ్చదనం తోలుకే, చలి గుండెకు.

ఇప్పుడు పని చెబుతా, గుర్తుంచుకో. పసిబిడ్డకు మామూలు ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీలు. మామూలు పాదరసం థర్మామీటరులో 35 కంటే కింద గీతలే ఉండవు. చల్లబడ్డ బిడ్డ విషయంలో అది నిన్ను మోసం చేస్తుంది. వార్డులో తక్కువ ఉష్ణోగ్రత చూపేది ఏదో ముందే కనుక్కో. అది అందేలోగా చెయ్యి వెనకవైపు బిడ్డ పొట్టకు, తర్వాత పాదాలకు ఆనించు. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి పట్టుకుంటోందని అర్థం, వెంటనే తల్లి ఒంటికి ఆనించి కప్పు. రెండూ చల్లబడితే డాక్టరును పిలవడానికి క్షణం ఆగకు. ఈ పరీక్ష నాయనమ్మలకూ నేర్పు, రాత్రంతా బిడ్డ పక్కన మేలుకొని ఉండేది వాళ్లే. ఫ్యాన్ ఆపమన్నారా, ఆపేసెయ్, బిడ్డకు గాలి తగలకూడదన్న మాట నిజమే. చెవుల్లో దూది పెడితే నష్టం లేదు, లోపలికి దూర్చనీయకు. కుంపటికి మాత్రం ఎవరెంత బతిమాలినా ఒప్పుకోకు, ఎందుకో కూడా చెప్పు.

ఇంకో పని. చలికి రక్తనాళాలు ముడుచుకొని వయసు మళ్లినవాళ్లకు బీపీ పెరుగుతుంది, దాహం తెలియక నీళ్లు తాగడం మానేస్తారు. మీ తాతయ్య మాత్రం ఇంకా చీకటి ఉండగానే నడకకు పోతున్నాడు, నేను చెబితే వినడు. ఇవాళే ఫోన్ చేసి, బీపీ మాత్ర వేసుకొని, ఎండ వచ్చాకే గడప దాటమని గట్టిగా చెప్పు. నర్సమ్మ మాటంటే ఆయనకు భయం.

మీ అమ్మమ్మ.